పేపర్లో ఉన్న మా ఊరి వార్త ఫోన్లో ఎందుకు దొరకదు?

ఈసారి మీ ప్రశ్నలు పేపర్లు, ఫోన్ల మీద అడగమంటే ఊహించనన్ని వచ్చాయి. ఒకే విషయం నలుగురు అడిగినచోట కలిపేసి ఒకటే వేశాం. జవాబులు రాస్తున్న నేను జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేసి తర్వాత వెబ్ డెస్కుకి వచ్చినవాణ్ణి, రెండువైపులా చూశాను కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ప్రశ్న: ఏళ్లతరబడి ఒకటే పేపర్ వేయించుకుంటున్నానండి. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని మనవడు అదే పేపర్ యాప్ ఫోన్లో వేసిచ్చాడు. తెరిస్తే సినిమాలు, క్రికెట్, ఎవరో హీరోయిన్ ఫొటోలు. మా కాలువ నీళ్ల సంగతి, మండల మీటింగు సంగతి పేపర్లో రోజూ వస్తాయి, యాప్‌లో ఎంత వెతికినా కనపడవు. రెండూ ఒక పేపరే కదా, ఎందుకిలా?
(రిటైర్డ్ టీచర్, తెనాలి)

మాస్టారూ, మీరడిగింది అసలు ప్రశ్న. పేరు ఒకటే గానీ చాలాచోట్ల ఆ రెండూ తయారుచేసేవాళ్లు వేరు. మీ మండల విలేకరి వార్త పంపేది జిల్లా డెస్కుకి, అక్కడ సబ్ ఎడిటర్ దిద్ది హెడ్డింగ్ పెట్టి పేజీలో కూర్చోబెడతాడు, రాత్రికి పేజీ ప్రెస్సుకి వెళ్లిపోతుంది, అక్కడితో ఆ వార్త పని అయిపోయింది. వెబ్ డెస్కు ఎక్కడో హైదరాబాద్‌లో ఉంటుంది, వాళ్లకి ఏజెన్సీ వార్తలు, ట్విటర్‌లో తిరిగేవి, సినిమా అప్‌డేట్లు, నిమిషానికొకటి పెట్టాల్సిన లైవ్ ఇవి ముందు. మీ కాలువ వార్త వాళ్ల కంట పడే దారే ఉండదు, పడినా వేయడానికి వెనకాడతారు, ఎందుకంటే వెబ్‌లో యాడ్ డబ్బులు వ్యూస్‌ని బట్టి వస్తాయి, మండల వార్తకి వచ్చే వ్యూస్ ఆ మండలం దాటవు. ఇంకో చిక్కు కూడా ఉంది, మంచి వార్త దొరికితే దాన్ని సాయంత్రమే వెబ్‌లో పెట్టేస్తే పక్క పేపర్ వాళ్లు చూసి రాత్రికి వాళ్లూ వేసేస్తారని, పొద్దున దాకా దాచమంటారు డెస్కులో. పొద్దున పేపర్ వచ్చాక దాన్ని మళ్లీ తీసి వెబ్‌లో పెట్టాలని ఎవరికీ గుర్తుండదు.

నాకు బాధనిపించేది ఏంటంటే తెలుగు పేపర్ల బలమంతా అక్కడే ఉంది. ఈనాడు 1974లో విశాఖలో మొదలై, 1989లో జిల్లాకో అనుబంధం ఇవ్వడం మొదలుపెట్టాక మిగతా పేపర్లన్నీ అదే దారి పట్టాయి. సాక్షి 2008లో వచ్చినప్పుడు ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది, అంత ఖర్చు ఎందుకు పెట్టారంటే జనం ముందు తిప్పేది జిల్లా పేజీయే అని తెలుసు కాబట్టి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్లు మూయించిన వార్త ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకడంలో పేపర్ల పాత్ర చాలా ఉంది, మరుసటి సంవత్సరం అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అలాంటి స్థానిక వార్తే ఈరోజు ఫోన్లో అన్నిటికంటే వెనక్కి పోయింది. దేశమంతా ఎవరైనా రాయగలిగే వైరల్ వీడియో కథలో మీ పేపర్‌కి ప్రత్యేకత ఏముంది చెప్పండి, మీ కాలువ సంగతి మాత్రం మీ మండల విలేకరి ఒక్కడే రాయగలడు.

పైగా ఆ వార్తని ఫోన్‌కి తేవాలంటే ఉన్నదున్నట్టు ఎక్కిస్తే సరిపోదు. పేజీలో పెద్ద ఫొటో పక్కన "నీరేదీ?" అని హెడ్డింగ్ పెడితే ఎండిన చేను కనిపిస్తుంది కాబట్టి అర్థమైపోతుంది. ఫోన్లో ఆ రెండు ముక్కలు మాత్రమే కనిపిస్తే ఎక్కడి నీరో, ఎవరికి లేదో ఎవరికి తెలుస్తుంది? అదే "తెనాలి ఆయకట్టు చివరి భూములకు అందని కృష్ణా కాలువ నీరు" అని పెడితే ఆ ఊరివాడు ఆగి చదువుతాడు, వెతికేవాడికి గూగుల్లోనూ దొరుకుతుంది. హెడ్డింగ్ మార్చడం రెండు నిమిషాల పని, దానికి జిల్లా డెస్కులో ఒక మనిషిని కేటాయించాలి, అంతే.

ప్రస్తుతానికి మీరు యాప్ సెట్టింగ్స్‌లో జిల్లా ఎంచుకునే చోటు ఉందేమో చూడండి, కొన్నిటిలో ఉంది. లేకపోతే ఈ-పేపర్‌లో, అంటే అచ్చయిన పేజీలే ఫోన్లో ఉన్నవున్నట్టు చూపించే చోట, మీ జిల్లా ఎడిషన్ తెరవండి, వార్త మీద నొక్కితే విడిగా పెద్దగా వస్తుంది. ఇంకొకటి, పేపర్ వాళ్లకి ఒక ఉత్తరం రాయండి మాస్టారూ, మా జిల్లా వార్తలు యాప్‌లో కావాలని. ఇవి కావాలని అడిగేవాళ్లు ఉన్నారని లోపలివాళ్లకి తెలియాలి.

ప్రశ్న: మా తమ్ముడు దుబాయ్‌ల ఉంటడు. పొద్దుగాల లేవంగనే ఊరి వార్తలు పంపుమంటడు. పేపర్ ఫొటో తీసి పంపుత, అక్షరాలు కనవడ్తలేవంటడు. ఈ-పేపర్ల క్లిప్ అంటరు గదా, అది పంపుడు మంచిదా, లింకు పంపుడు మంచిదా?
(జగిత్యాల)

అన్నా, ఫొటో మానేయండి, మడతలు పడి, నీడ పడి, వాట్సాప్‌లో ఇంకా నలిగి అక్కడికి చేరేసరికి ఏమీ ఉండదు. ఈ-పేపర్ సైట్ తెరిచి తేదీ, జగిత్యాల జిల్లా పేజీ ఎంచుకుని వార్త మీద నొక్కండి, షేర్ గుర్తు వస్తుంది. కొన్నిట్లో కత్తెర గుర్తు ఉంటుంది, దానితో మీకు కావాల్సిన ముక్క కత్తిరించుకోవచ్చు, మామూలుగా ఆ క్లిప్ మీద పేపర్ పేరు, తేదీ, పేజీ పడతాయి. మీ తమ్ముడికి మనకంటే గంటన్నర ఆలస్యంగా తెల్లారుతుంది కాబట్టి ఆయన లేచేసరికి మీ దగ్గర క్లిప్ సిద్ధంగా ఉంటుంది.

అయినా వీలున్నప్పుడల్లా లింకే పంపండి. దీనికి కారణం ఉంది. పేపర్ ఎంతమంది కొంటున్నారో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అని 1948 నుంచి ఉన్న సంస్థ ఆరు నెలలకోసారి లెక్క తేలుస్తుంది, ఆ లెక్క చూపించే పేపర్లు యాడ్లు తెచ్చుకుంటాయి. మీ ఇంటికొచ్చే కాపీ ఆ లెక్కలో ఒకటి. అది చదివిన మీ నాయిన, ఫొటోలో చూసిన తమ్ముడు, ఆ ఫొటో వెళ్లిన ఊరి గ్రూపులో ఉన్నవాళ్లందరూ పేపర్ వాళ్ల దృష్టిలో లేనట్టే. లింకు నొక్కితే కనీసం దుబాయ్ నుంచి జగిత్యాల పేజీ చదివేవాళ్లు ఇంతమంది ఉన్నారని వాళ్ల కంప్యూటర్లో కనిపిస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లు ఎన్నో, వాళ్లకోసం ఒక పేజీ నడపొచ్చని ఆలోచన రావాలంటే ముందు వాళ్లు కనపడాలి కదా.

ప్రశ్న: నాకు చూపు లేదు. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని తెలుగు వార్తలు వింటాను. వెబ్‌సైట్ చదువుతుంది, ఈ-పేపర్ దగ్గరికి వచ్చేసరికి ఏమీ చదవదు. నా ఫోన్‌లో లోపమా?
(రాజమహేంద్రవరం)

మీ ఫోన్‌లో ఏ లోపమూ లేదండి, లోపం ఈ-పేపర్‌దే. చాలా ఈ-పేపర్లలో పేజీ అంతా ఒక బొమ్మగా పెడతారు, కంటికి అక్షరాలు కనిపిస్తాయి గానీ ఫోన్‌కి అది ఉత్త ఫొటో. అందుకే మీకు వినిపించదు, గూగుల్‌లో వెతికినవాడికి దొరకదు, అక్షరం పెద్దది చేస్తే మసకబారుతుంది. వార్తని విడిగా టెక్స్ట్‌గా ఇచ్చే ఈ-పేపర్లు కొన్ని ఉన్నాయి, ఇవ్వనివాళ్లు ఇవ్వాలి, ఆ టెక్స్ట్ వాళ్ల దగ్గర టైప్ అయ్యే ఉంది కదా. ఈలోపు ఆ వార్త స్క్రీన్‌షాట్ తీసుకుని గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి, పూర్తిగా కాకపోయినా చాలావరకు అక్షరాలు పట్టుకుంటుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్ల కిందట మా నాన్నగారి మీద ఒక తెలుగు పేపర్లో వ్యాసం వచ్చింది, అప్పట్లో వెబ్‌సైట్‌లో కూడా చదివాను. ఇప్పుడు ఎంత వెతికినా దొరకట్లేదు. ఎందుకు?
(డల్లాస్, అమెరికా)

దానికి కారణం ఫాంట్లు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగేలా అన్ని భాషల అక్షరాలకీ నంబర్లు ఇచ్చే పద్ధతి యూనికోడ్, అందులో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ కూడా ఇచ్చారు, అయినా మన పేపర్ల సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఆ సైట్ల వెనక ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గజిబిజి, దానిమీద తెలుగు బొమ్మ తొడిగినట్టు ఫాంట్ ఉండేది. ఫాంట్ లేకపోతే చదవలేం, గూగుల్‌కి అర్థమయ్యేది కాదు. అప్పట్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది, మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత సైట్లు యూనికోడ్‌కి వచ్చాయి గానీ పాతవన్నీ మార్చి పెట్టినవాళ్లు తక్కువ.

ప్రింటు వైపు ఆ కథ ఇంకా అయిపోలేదు. డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పనిలో, ఇప్పటికీ యూనికోడ్ కాని పాతరకం అను ఫాంట్లతో పని చేసేచోట్లు ఉన్నాయి, అందులో కొట్టిన వార్తని తెచ్చి వెబ్‌లో అతికిస్తే ఒక్క ముక్క అర్థం కాదు, కన్వర్టర్‌లో వేయాలి, వేసినా ఒత్తులు, సున్నాలు అటూ ఇటూ అయిపోతాయి, ఒకరు కూర్చుని దిద్దాలి. పైన మాస్టారికి చెప్పిన జిల్లా వార్త ఫోన్‌దాకా రాకపోవడానికి ఇది కూడా ఒక కారణం. మీ నాన్నగారి వ్యాసం కోసం తేదీ సుమారుగా గుర్తుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో ఆ సైట్ పాత పేజీలు చూడండి, దొరికే అవకాశం కొంత ఉంది. లేదంటే ఆ పేపర్ లైబ్రరీకి తేదీతో సహా రాయండి.

ఇంకో విషయం, ఇక్కడ పొద్దున ఐదింటికి ఈ-పేపర్ వచ్చేసరికి మీకు వేసవిలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. రేపటి పేపర్‌ని మీరు ఈరోజే చదువుతున్నారన్నమాట, ఆఫీసు నుంచి వచ్చి కూర్చునే టైమ్, చదవడానికి ఇక్కడివాళ్ల కంటే మీకే తీరిక ఎక్కువ. ఆ గంటని పట్టుకున్న తెలుగు పేపర్ నాకు కనపడలేదు.

ప్రశ్న: పేపర్లో ప్రతి పేజీలో క్యూఆర్ కోడ్‌లు వేస్తున్నారు, ఎవరైనా స్కాన్ చేస్తారా?
(డిగ్రీ విద్యార్థిని, అనంతపురం)

పనికొచ్చేది ఉంటే చేస్తారమ్మా. చదువు పేజీలే చూడు, ఈనాడు ప్రతిభ, సాక్షి ఎడ్యుకేషన్ లాంటివి పేపర్లో ఒక పేజీ ఇచ్చి మిగతా మెటీరియల్, మోడల్ పేపర్లు సైట్లో పెడతాయి. పేపర్లో పట్టనిది ఫోన్లో దొరుకుతుంది, అందుకే గ్రూప్స్‌కి, టెట్‌కి చదివేవాళ్లు రెండూ వాడతారు. మీ అమ్మానాన్నల కాలంలో టెన్త్ రిజల్ట్స్ అంటే తెల్లారి పేపర్లో హాల్ టికెట్ నంబర్లు వెతుక్కోవడమే, ఇప్పుడు పేపర్ల సైట్లలోనే క్షణాల్లో చూసుకుంటున్నారు. రిజర్వాయర్ వార్త పక్కన రోజువారీ నీటిమట్టం చూపించే కోడ్, పంట వార్త పక్కన మార్కెట్ యార్డు ధరల కోడ్ వేస్తే రైతులు కూడా స్కాన్ చేస్తారు. ఊరికే సైట్ మొదటి పేజీకి తీసుకెళ్లే కోడ్ అయితే ఒకసారి నొక్కినవాడు రెండోసారి నొక్కడు.

ప్రశ్న: నేను పేపర్ ఏజెంటుని. తెల్లారకముందే పేపర్లన్నీ పీడీఎఫ్‌లుగా గ్రూపుల్లో పడిపోతున్నాయి, కాపీలు తగ్గిపోతున్నాయి. ఇది నేరం కాదా? పేపర్ ఇంక ఎన్నాళ్లుంటుంది?
(పాలకొల్లు)

పీడీఎఫ్‌లు అనుమతి లేకుండా పంచడం కాపీరైట్ ఉల్లంఘనే. 2020 లాక్‌డౌన్‌లో పేపర్ ముట్టుకుంటే వైరస్ వస్తుందని జనం భయపడి ఆపేసినప్పుడు ఇది బాగా పెరిగింది, ఆ మే నెలలోనే హిందీ పేపర్ దైనిక్ జాగరణ్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకి వెళితే, ఆ పీడీఎఫ్‌లు పెడుతున్న ఛానెళ్లని తీసేయమని టెలిగ్రామ్‌కి కోర్టు చెప్పింది. కానీ వాట్సాప్ గ్రూపులన్నిటి వెనకా ఎవరు తిరగగలరు?

ఏజెంటుగా మీకు తెలుసు, చందాదారు ఇచ్చే డబ్బు కాగితం ఖర్చుకే చాలదు, మిగతాది యాడ్లతో పూడ్చుకోవాలి. ఫోన్లో యాడ్ రేటు చాలా తక్కువ, అందులోనూ గూగుల్, ఫేస్‌బుక్‌ల వాటా పోతుంది, అందుకే పాఠకులు ఫోన్‌కి వెళ్లినంత వేగంగా డబ్బు వెళ్లట్లేదు. న్యూయార్క్ టైమ్స్ 2011లో వెబ్‌కి చందా పెట్టి నిలబడింది, బ్రిటన్‌లో ఇండిపెండెంట్ 2016లో ప్రింటు ఆపేసి వెబ్ ఒక్కటే నడుపుతోంది, మనదగ్గర ది హిందూ చందా అడుగుతోంది. తెలుగులో సినిమా వార్తకి ఎవరూ రూపాయి ఇవ్వరు, అది వంద చోట్ల ఉచితంగా ఉంది. జిల్లా వార్తకి ఇస్తారని నా నమ్మకం, ఆ చందా కట్టించేపని మీలాంటి ఏజెంట్లకే ఇవ్వాలని కూడా. పాలకొల్లులో ఏ ఇంట్లో ఎవరు చదువుతారో, ఎవరి కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడో, ఎవరి కూతురు అమెరికాలో ఉందో మీకు తెలిసినంత ఏ కంప్యూటర్‌కీ తెలియదు. ఇంటికి పేపర్, పిల్లలకి ఫోన్లో అదే జిల్లా ఎడిషన్, రెండూ కలిపి ఒక చందా, మీ కమీషన్ మీకు. ఇది మీ సర్క్యులేషన్ ఇన్‌చార్జిని అడగండి, నలుగురు ఏజెంట్లు కలిసి అడిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: ఎలక్షన్లప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పేపర్ కటింగ్ అని ఒకటి వచ్చింది, అందరూ నమ్మారు. తర్వాత అది అబద్ధం అన్నారు. ఎలా కనుక్కోవాలి?
(గృహిణి, ఖమ్మం)

పేపర్లో పడిందంటే నిజమేనని మనవాళ్లకి ఇంకా ఉన్న నమ్మకాన్ని వాడుకునే పని ఇది. పేపర్ లోగో, అలాంటి ఫాంటు, అలాంటి కాలమ్ పెట్టి ఫోన్లోనే తయారుచేసేస్తున్నారు. ముందు కటింగ్ మీద తేదీ, ఎడిషన్ ఉన్నాయా చూడండి, చాలావాటికి ఉండవు. అక్షరాల వెడల్పు, డేట్‌లైన్ (వార్త మొదట్లో వేసే ఊరి పేరు, తేదీ) రాసే పద్ధతి ఇంట్లో ఉన్న పేపర్‌తో పోల్చండి, సాధారణంగా అక్కడే తేడా దొరికిపోతుంది. తేదీ ఉంటే ఆ రోజు ఈ-పేపర్‌లో ఆ ఎడిషన్ పేజీలు తిప్పండి, ఐదు నిమిషాలు పడుతుంది. అక్కడ లేకపోతే ఆ పేజీ లింకు తెచ్చి అదే గ్రూపులో ఆ కటింగ్ కిందే పెట్టండి, పంపినాయనకి విడిగా కూడా చెప్పండి.