మెత్తబడిన బ్రేకుకు మూడు లక్షల ఎనభై వేలా?

ప్రశ్న: నా వయసు 36. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు 2,10,000 చేతికి వస్తుంది. ఫ్లాటు ఈఎంఐ 68,000, ఇంటి ఖర్చు 75,000, సిప్‌లు 35,000. ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న నాతోనే ఉంటారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు చూసినప్పటి నుంచి ట్రాక్ మీద కారు నడపాలని కోరిక. నిరుడు 24 లక్షలు పెట్టి సెకండ్ హ్యాండ్ ఆడి టీటీ కొన్నాను. మొన్న చెన్నై ట్రాక్‌కు తీసుకెళ్తే నాలుగో ల్యాప్‌లో బ్రేక్ పెడల్ మెత్తబడి అడుగుదాకా పోయింది. ఆ ప్రయాణానికి మొత్తం 45,000 అయింది. తిరిగి వచ్చాక గరాజ్ వాళ్లు బ్రేకులన్నీ మార్చడానికి 3,80,000 కొటేషన్ ఇచ్చారు. ఏడాదికి నాలుగుసార్లు ట్రాక్‌కు వెళ్లాలనుకుంటున్నాను. ఆఫీసుకు కూడా ఇదే కారు. సిప్‌లు 11 నెలలు ఆపాలా, పర్సనల్ లోను తీసుకోవాలా, క్రెడిట్ కార్డుపై వడ్డీ లేని ఈఎంఐ పెట్టుకోవాలా? ఇదంతా దండగ అంటోంది మా ఆవిడ.
– ఒక పాఠకుడు, కోకాపేట

జవాబు: మూడూ వద్దు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడిగారు కానీ, అంత డబ్బు అవసరమా అన్న దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే పెడల్ మెత్తబడి అడుగుదాకా పోయిందని మీరే రాశారు. చాలాసార్లు అది బ్రేక్ ఆయిల్ మరిగిందనడానికి గుర్తు. మీ కొటేషన్‌లో ఆయిల్ మార్పిడికి వేసింది 6,000 రూపాయలు.

కాస్త వివరంగా చెబుతాను, మీ డబ్బు లెక్కంతా దీనిమీదే ఆధారపడి ఉంది. మీతో కలిపి కారు బరువు 1,480 కిలోలు అనుకుందాం. 160 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గించారంటే, వెయ్యి వాట్ల హీటరు ఇరవై నిమిషాలు వెలిగితే వచ్చేంత వేడి మూడు నాలుగు సెకన్లలో పుడుతుంది. దాదాపు అంతా చక్రంతో పాటు తిరిగే డిస్కుల్లోకీ, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లలోకీ పోతుంది. మీరు చూసిన ఫార్ములా ఈ కార్లు ఆ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి పంపుకుంటాయి. మీ కారుకు ఆ వెసులుబాటు లేదు. చల్లారే లోపే తర్వాతి మలుపు వస్తుంది, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ల ద్వారా వేడి ఆయిల్‌కు చేరుతుంది. మీ కాలి ఒత్తిడిని బ్రేకులకు చేర్చేది ఈ ఆయిలే. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే మీ కాలు అడుగుదాకా వెళ్లింది.

డాట్ 4 రకం కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అయితే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు ఒప్పుకుంటుంది. రెండేళ్లకొకసారి మార్చమని చాలా కంపెనీలు చెప్పేది అందుకే. మీది సెకండ్ హ్యాండ్ కారు. అందులో ఉన్న ఆయిల్ ఎన్ని వానాకాలాలు చూసిందో సర్వీసు పుస్తకం తీసి చూడండి. అక్కడ ఏమీ రాసి లేకపోతే మార్చలేదనే అనుకోండి.

పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగకపోతే తప్పు ప్యాడ్లది. గట్టిగా తొక్కగానే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పాదం కింద టకటకలాడుతుంటే బ్రేకులు తమ పని తాము చేస్తున్నట్టే, రోడ్డును పట్టుకోలేనిది టైర్లు. అక్కడ ఆరు పిస్టన్ల కాలిపర్ పెట్టినా కారు ముందుగా ఆగదు. పెద్ద డిస్కుల అసలు లాభం వేడిని ఎక్కువసేపు తట్టుకోవడం. ఆయిల్, ప్యాడ్లు సరైనవే అయినా ఆరేడు ల్యాపులకు బ్రేకులు నీరసపడితే అప్పుడు వాటికి పని ఉంటుంది. మీరు ఇంకా అక్కడిదాకా రాలేదు.

ఇక కొటేషన్. ఆయిల్ 6,000, ప్యాడ్లు 26,000, స్టీలు అల్లిక ఉన్న బ్రేకు గొట్టాలు 18,000. ఇవి కలిపి 50,000. మిగతా 3,30,000 ముందు చక్రాల కాలిపర్లూ 355 మిల్లీమీటర్ల పెద్ద డిస్కులూ ఉన్న కిట్‌కు. మొదటి 50,000 పెట్టండి, రెండోది ఆపండి. ప్యాడ్ల విషయంలో మాత్రం గరాజ్ వాళ్లను గట్టిగా అడగండి: చల్లగా ఉన్నప్పుడు ఎలా పట్టుకుంటాయి? కొన్ని రేసింగ్ ప్యాడ్లు బాగా వేడెక్కితేగాని సరిగా పట్టవు. పొద్దున్నే గచ్చిబౌలి ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు బస్సు ఆగిందనుకోండి, వాటిని వేడి చేసుకునే తీరిక మీకు ఉండదు. రోడ్డుకూ ట్రాక్‌కూ సరిపోయే రకం తీసుకోండి. కాస్త కీచుమన్నా, చక్రాలకు నల్లటి పొడి పట్టినా సర్దుకోండి. పెద్ద కిట్‌కు మరో చిక్కు, అది మీ అలాయ్ చక్రాల్లో పట్టకపోవచ్చు. అప్పుడు చక్రాలు, వాటివెంట టైర్లు కూడా కొనాలి. అవి మీ కొటేషన్‌లో లేవు.

సిప్‌లు ఆపితే ఎంత పోతుంది? 3,80,000 పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా, అంటే 14 ఏళ్లు, ఏటా 10 శాతం చొప్పున పెరిగితే సుమారు 14.4 లక్షలు. పది శాతానికి ఎవరూ హామీ ఇవ్వరు, అయినా లెక్క చూడండి. రెండేళ్ల పర్సనల్ లోను 14 శాతానికి తీసుకుంటే నెలకు 18,245 కట్టాలి, వడ్డీయే 58 వేల దాకా అవుతుంది. వడ్డీ లేని ఈఎంఐలో వడ్డీని డిస్కౌంటు రూపంలో సర్దుతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోకే వస్తాయి.

అసలు నాకు భయం పుట్టించింది బ్రేకులు కావు. మీ కారు పాలసీలో వాహనాన్ని దేనికి వాడుకోవచ్చో చెప్పే పేరా ఒకటి ఉంటుంది, చదవండి. రేసులు, వేగ పరీక్షల వంటివి అందులో మినహాయింపులు. ట్రాక్ మీద గోడకు తగిలితే 24 లక్షల కారు మీ సొంత నష్టమని అనుకునే వెళ్లాలి. పాలసీకి అదనంగా జోడించుకున్న ప్రమాద బీమా రైడర్ ఉంటే అందులోనూ ఇదే మినహాయింపు ఉందేమో చూసుకోండి. ఇక కాలిపర్ల వంటి మార్పు ఎప్పుడు చేసినా ముందుగా బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది అనుమతించే మార్పేనా అని ఆర్టీఏలో కనుక్కోండి. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉన్నాయి.

మీ నెల లెక్కలో మిగిలేది 32,000. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి 1,43,000 కాబట్టి ఆరు నెలల అత్యవసర నిధికి దాదాపు 8.6 లక్షలు ఉండాలి. మీ దగ్గర ఆరే ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, మీది ఐటీ ఉద్యోగం. ఈ లోటు నాకు నచ్చలేదు. నెలకు 15,000 అత్యవసర నిధికి, 15,000 ట్రాక్ పేరిట వేరే రికరింగ్ డిపాజిట్‌కు పంపండి. ట్రాక్ ఖాతాలో ఏడాదికి 1,80,000 జమ అవుతుంది. బ్రేకులకు 50,000, రెండు ప్రయాణాలకు 90,000, మిగతా 40,000 టైర్లకు. నాలుగుసార్లు వెళ్తే ప్రయాణాలకే మొత్తం అయిపోతుంది, అందుకే రెండే. పైగా చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల్లో శిక్షణ సంస్థలు తమ కార్లతోనే నేర్పే కోర్సులు నడుపుతాయి. రెండిట్లో ఒక ప్రయాణం దానికి కేటాయిస్తే మీ టీటీకి గండం తప్పుతుంది, బ్రేకు ఎప్పుడు తొక్కాలో గురువు పక్కన కూర్చుని చెబుతాడు.

మీ శ్రీమతి మాటలో సగం నిజముంది, కిట్ దండగ. సరదా దండగ కాదు, దానికి ఈ ఇంటి బడ్జెట్‌లో చోటుంది. ఈ వారమే పాత ఆయిల్ మార్పించండి. అది అయ్యేదాకా ఓఆర్ఆర్ మీద 120 దగ్గర కూడా పరీక్షలు పెట్టకండి. ప్యాడ్లు కొత్తవి వేశాక గరాజ్ వాళ్లు చెప్పిన పద్ధతిలో రోడ్డు మీద వాటిని అలవాటు చేసి, అప్పుడు ట్రాక్‌కు వెళ్లండి. రెండు ప్రయాణాల్లో ఏ ల్యాప్‌లో పెడల్ ఎలా ఉందో రాసి పెట్టుకుని, కిట్ సంగతి అప్పుడు మళ్లీ అడగండి.