పాపకు ఆస్తమా.. ఢిల్లీకి బదిలీ: వెళ్లాలా, ఆగాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఢిల్లీకి బదిలీ అయింది, ఏప్రిల్‌లో జాయిన్ అవ్వాలి. మా పాపకు ఎనిమిదేళ్లు. నాలుగేళ్లుగా ఆస్తమా ఉంది. రెండు రకాల ఇన్హేలర్లు ఇచ్చారు. బాగున్నప్పుడు రోజూ వాడేది ఆపేస్తుంటాం. మొన్న చలికాలంలో ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాం. ఢిల్లీ గాలి గురించి వింటుంటే టెన్షన్‌గా ఉంది. పాపతో నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటున్నారు అత్తగారు. పాపను వదిలి ఉండలేనంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: ఢిల్లీ సంగతి తర్వాత చూద్దామమ్మా. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ‘బాగున్నప్పుడు ఆపేస్తుంటాం’ అన్న మాట. రోజూ వాడే ఇన్హేలర్‌లో ఉండేది చాలా తక్కువ మోతాదు స్టెరాయిడ్. ఊపిరి గొట్టాల లోపలి వాపును అదే అదుపులో పెడుతుంది. దాన్ని వాడుతున్నందువల్లే పాప బాగుంటోంది. ఆపేస్తే వాపు మళ్లీ మొదలవుతుంది, కానీ పైకి వెంటనే తెలియదు. జలుబో, పొగో, చలిగాలో తగిలినప్పుడు ఒక్కసారిగా పిల్లికూతలతో బయటపడుతుంది. అలవాటైపోతుందని పెద్దవాళ్లు భయపడతారు గానీ, ఇది అలవాటు పడే మందు కాదు. స్పేసర్‌తో (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) పీల్పించి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి. పాప ఎత్తుపై కొద్దిగా ప్రభావం ఉండొచ్చు. అది సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. ఊపిరాడక ఆస్పత్రి పాలవడంతో పోలిస్తే అదేమంత లెక్క కాదు.

ఇప్పుడు ఢిల్లీ. అక్కడి గాలి ఏడాదంతా ఒకేలా ఉండదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వానల వల్ల ఫర్వాలేదు. ఏప్రిల్, మే, జూన్‌లలో ఎండ, దుమ్ము గాలులు. అసలు పరీక్ష అక్టోబరు చివర మొదలై జనవరి దాకా నడుస్తుంది. చలికి గాలి కదలిక తగ్గిపోతుంది. నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కమ్మేస్తుంది. వాహనాల పొగ, రోడ్ల దుమ్ము, పంజాబ్, హర్యానా పొలాల్లో కాల్చే వరికొయ్యల పొగ అన్నీ కిందే ఉండిపోతాయి. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 చాలంటుంది. నవంబరులో ఢిల్లీలో అది కొన్ని రోజులు 300 దాటుతుంది. కాబట్టి మార్చిలో ఇల్లు చూడటానికి వెళ్లి, ‘గాలి బాగానే ఉందే’ అని నిర్ణయం తీసుకోకండి. మార్చిలో ఢిల్లీ ఎవరికైనా నచ్చుతుంది.

అలాగని విశాఖ గాలి స్వచ్ఛమని కూడా అనుకోవద్దు. పోర్టు దగ్గర బొగ్గు ధూళి బాధ అక్కడి వాళ్లకు తెలిసిందే. తీరప్రాంతపు తేమకు పరుపుల్లో, దిండ్లలో కంటికి కనపడని దుమ్ముపురుగులు పెరుగుతాయి. కొందరు పిల్లలకు అవే ఆస్తమాను రేపుతాయి. అయితే ఢిల్లీ చలికాలం ముందు ఇదంతా చిన్న విషయమే.

ఇంతకీ పాప ఆస్తమా ఇప్పుడు ఎంత అదుపులో ఉంది? గత నాలుగు వారాల్లో పగటిపూట ఆయాసం, దగ్గు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? ఒక్క రాత్రయినా వాటివల్ల నిద్ర లేచిందా? ఆయాసానికి వాడే ఇన్హేలర్‌ను వారానికి రెండుసార్లకు మించి వాడారా? ఆటలు మానేసి కూర్చుంటోందా? వీటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా పూర్తి అదుపులో లేనట్టే. అన్నిటికీ ‘లేదు’ అన్నా, ఈ ఏడాదిలోపే ఆస్పత్రిలో చేరిన పాప కనుక మళ్లీ తీవ్రంగా వచ్చే ముప్పు మిగతా పిల్లల కన్నా ఎక్కువ.

అందుకే నేనైతే ఈ ఏప్రిల్‌లో మీవారిని ఒక్కరినే వెళ్లమంటాను. ఏడాదిపాటు రోజూ వాడే ఇన్హేలర్‌ను ఒక్కరోజూ మానకుండా వాడండి. డాక్టరుకు క్రమం తప్పకుండా చూపించి, వచ్చే చలికాలాన్ని విశాఖలోనే దాటించండి. ఆయాసం పెద్దగా రాకుండా గడిస్తే ఆ తర్వాతి ఏప్రిల్‌లో నిశ్చింతగా బయల్దేరొచ్చు. ఈలోగా మీవారు సెలవులకు ఇటు రావచ్చు. వానాకాలంలో మీరు కొన్నాళ్లు అటు వెళ్లి రావచ్చు. తండ్రికి దూరంగా ఉండటం పాపకూ కష్టమే, కాదనను. కానీ అర్ధరాత్రి ఆయాసం వస్తే ఇక్కడ అత్తగారు తోడుంటారు, పాపను ఎరిగిన డాక్టరున్నారు. కొత్త ఊళ్లో మొదటి ఏడాది ఆ రెండూ ఉండవు. డిశ్చార్జి కాగితాలు చూపించి బదిలీ వాయిదాకు వీలుందేమో ఆఫీసులోనూ అడగమనండి.

తప్పనిసరై ఇప్పుడే వెళ్లాల్సి వస్తే, మెయిన్ రోడ్డుకు దూరంగా, గోడలకు చెమ్మ లేని ఇల్లు చూసుకోండి. ఏ కాలనీకి వెళ్లినా నవంబరు పొగ తప్పదు, అద్దె ఎక్కువ పెట్టినా సరే. కొనదలిస్తే పాప పడుకునే గదికి సరిపడా సామర్థ్యమున్న హెపా ఫిల్టర్ (అతి సన్నని ధూళిని పట్టే జల్లెడ లాంటిది) ఉన్న గాలి ప్యూరిఫయర్ కొనండి. తలుపులు, కిటికీలు మూస్తేనే అది పనిచేస్తుంది. ఓజోన్ వదిలే రకం వద్దు, అది ఊపిరితిత్తులకే చేటు. బొగ్గుల కుంపటి, అగరొత్తులు, దోమల చుట్టలు గదిలో పెట్టకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్‌లో రోజూ ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ, పెరిగేకొద్దీ గాలి చెడ్డదన్నట్టు) చూడొచ్చు. అది 200 దాటితే బయట ఆటలు మానిపించండి. ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా పట్టేదైతేనే ఉపయోగం. పిల్లల సైజు దొరక్కపోతే పెద్దలది కట్టి ధైర్యం తెచ్చుకోకండి. ఫ్లూ టీకా చలికి ముందే వేయించండి.

ఎక్కడున్నా సరే, ఆయాసం మొదలైతే ఏ ఇన్హేలర్ ఎన్నిసార్లు వాడాలో, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఒక కాపీ స్కూల్లో టీచరుకు, ఒకటి అత్తగారికి ఇవ్వండి. మాట పూర్తిచేయలేక ఆగిపోతున్నా, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య లోపలికి లాగుతున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా ఆయాసానికి వాడే ఇన్హేలర్ ఇస్తూనే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.