మ్యూజియంలో టచ్‌స్క్రీన్ కంటే ముందు చూసుకోవాల్సినవి

పిల్లలు, పెద్దవాళ్లు, చూపు లేనివాళ్లు, అందరికీ పనికొచ్చేలా మ్యూజియంలో ఏ ఇంటరాక్టివ్ టెక్నాలజీ (చూసేవాళ్లు ముట్టుకుంటే, నొక్కితే స్పందించేది) పెట్టాలని అడిగారు. పరికరం సంగతి తర్వాత. ముందు చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో చూడండి. నొక్కాల్సినవన్నీ నేల నుంచి 120 సెం.మీ. లోపే ఉండాలి. టేబుల్ కింద 70 సెం.మీ. ఖాళీ ఉంటేనే చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ల మోకాళ్లు లోపలికి పోతాయి. సరిగ్గా ఆ ఖాళీలోనే కంప్యూటర్ పెట్టె బిగించేస్తుంటారు. ఇక వాళ్లు పక్కకి తిరిగి, నడుం మెలిపెట్టి నొక్కాలి.

స్క్రీన్ లేకుండానే ఎంత చేయొచ్చో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం 2015లో చూపించింది. ఆరు చిత్రాలకి ఉబ్బెత్తు ప్రతులు చేయించి, తడిమి చూడమంది. అందులో ఇటలీ చిత్రకారుడు కొరెజ్జో గీసిన 'నోలి మే తాంజెరే' ఒకటి. ఆ లాటిన్ మాటకి అర్థం 'నన్ను తాకకు' అని! రంగులు అలాగే ఉంచారు కాబట్టి చూపు మందగించినవాళ్లకీ పనికొచ్చాయి. పక్కన బ్రెయిలీ, ఆడియో పెట్టారు. ఆడియో తప్పనిసరి. వేలికి ముక్కు తెలుస్తుంది, బట్ట మడత తెలుస్తుంది. ఎవరు ఎటు నిలబడ్డారో, చెయ్యి ఎటు చాపారో ఒకరు చెబితేనే బొమ్మ మొత్తం మనసులో కూడుతుంది.

టచ్‌స్క్రీనే కావాలంటే రకం తెలుసుకుని కొనండి. ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేము (అంచుల నుంచి వచ్చే, కంటికి కనబడని కిరణాలతో వేలిని పసిగట్టేది) ఉన్నదైతే అంచుల్లో దుమ్ము చేరినా, నేరుగా ఎండ పడినా ఎవరూ ముట్టకుండానే నొక్కినట్టు పనిచేస్తుంది. రోజూ పొద్దున్నే ఆ అంచు తుడవాలి. కెపాసిటివ్ రకానికి (ఫోన్లలో ఉండేది) ఆ బాధ లేదు గానీ, మామూలు గ్లౌజులతో నొక్కితే పలకదు.

ఎక్కువగా చెడేది టైమౌట్ దగ్గర, అంటే ఎవరూ ముట్టకపోతే స్క్రీన్ తిరిగి మొదటి పేజీకి పోయే గడువు దగ్గర. ఒక్క నిమిషం పెడితే, నిదానంగా చదివే పెద్దాయన సగంలో ఉండగానే పేజీ మాయమవుతుంది. రెండు నిమిషాలు పెట్టండి, మూసేముందు 'ఇంకా చూస్తున్నారా?' అని అడిగి 20 సెకన్లు ఆగండి. పిల్లలు మధ్యలో వదిలేసి పోతారు కాబట్టి ప్రతి పేజీలోనూ 'మొదటికి' బటన్ ఒకే మూలన ఉండాలి.

గుమ్మంలోనే యాప్ దించుకోమనడం మాత్రం మానేయాలి. ఫోన్‌తో స్కాన్ చేస్తే వివరాలు తెరుచుకునే క్యూఆర్ కోడ్ చాలు. మీటరు దూరం నుంచి స్కాన్ చేయాలంటే కోడ్ 10 సెం.మీ. వెడల్పు ఉండాలని లెక్క, దీపం మెరుపు పడే అద్దం వెనక మాత్రం పెట్టొద్దు.

ఆర్డర్ ఇచ్చేముందు అదే కొలతల్లో అట్టతో నమూనా చేసి, పెట్టబోయే చోటే నిలబెట్టండి. ఆరేళ్ల పిల్లనీ, చక్రాల కుర్చీ వాడేవాళ్లనీ పిలిచి చూపించండి. చెయ్యి అందకపోతే అట్టని కత్తిరించి సరిచేయొచ్చు, ఇనుప ఫ్రేము బిగించాక కుదరదు.