తిప్పి పంపే కథల గురించి బుజ్జికి

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి తెలుగులో హారర్ కథల ఆన్‌లైన్ పత్రిక పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాను కూడా చదివాను. బొమ్మలు ఎవరు వెయ్యాలి, లోగో ఎలా ఉండాలి, మొదటి సంచికకి ఏ పేరున్న రచయితని అడగాలి, అన్నీ రాసుకున్నారు. కథ పంపినవాళ్ళకి జవాబు ఎవరు రాస్తారు, ఎన్నాళ్ళలో రాస్తారు అన్నది మాత్రం ఎక్కడా కనబడలేదు. నా లెక్కలో పత్రికకి ప్రాణం అదే. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

అక్కడ వారపత్రికలో కథల డెస్కు చూసినప్పుడూ, ఇక్కడ డాలస్ వచ్చాక ఒక ఇంగ్లీషు హారర్ పత్రికకి కథలు చదివిపెడుతున్న ఇప్పుడూ నాకు కనబడింది ఒకటే. వచ్చిన కథల్లో వేసుకునేవి గుప్పెడు. మిగతావన్నీ తిప్పి పంపాల్సినవే. ఆ తిప్పి పంపిన కథలు రాసినవాళ్ళే నెలనెలా నీ పత్రిక తెరిచి చూస్తారు, బాగున్న కథని పదిమందికి పంపుతారు, చందా అడిగితే ముందుగా కడతారు. హారర్‌లో రాసేవాళ్ళు వేరు, చదివేవాళ్ళు వేరు కాదు. కథ వేసుకోనప్పుడు వాళ్ళతో ఎలా మాట్లాడావో దాన్నిబట్టే నీ వెనక మనుషులు నిలబడతారు.

మన పత్రికల పద్ధతి నీకు తెలుసుగా. కథతో పాటు హామీపత్రం జతచెయ్యమంటాం. 'ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు' అని సంతకం పెట్టించుకుంటాం. ఆ తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. ఫలానా గడువులోగా జవాబు రాకపోతే తిప్పి పంపినట్టే భావించమని ఒక వాక్యం పడేసి ఊరుకునేవాళ్ళూ ఉన్నారు. ఇంకెక్కడికీ పంపొద్దని మాట తీసుకున్నాక, అంతకాలం కథని కట్టిపడెయ్యడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఇక్కడి పత్రికలు కూడా చాలావరకు ఒకే కథని రెండుచోట్లకి పంపనివ్వవు, కానీ ఆ షరతుకి తగ్గట్టు త్వరగా తేల్చేస్తాయి. 2013లో మొదలైన ద డార్క్ పత్రిక నుంచి రెండు మూడు రోజుల్లోనే జవాబు వస్తుందని రచయితలు చెప్పుకుంటారు. మీరు అంత వేగంగా చెయ్యక్కర్లేదు. నెలరోజులు అని రాయండి, నెలరోజుల్లో ఇవ్వండి. పెళ్ళిళ్ళ సీజనైనా, పరీక్షలైనా సరే.

జవాబులో ఏం రాయాలంటావా? అందరికీ పెద్ద ఉత్తరాలు రాయలేవు, రాయక్కర్లేదు కూడా. 'చదివాం, వేసుకోలేకపోతున్నాం, మళ్ళీ పంపండి' అన్న మూడు ముక్కలు మర్యాదగా ఉంటే చాలు. కానీ చివరిదాకా వచ్చి ఆగిపోయిన కథలకి రెండు వాక్యాలు ఎక్కువ రాయి. ఈమధ్య ఒక కొత్త రచయిత కథ వచ్చింది. కొడుకు పోయిన ఇల్లు, మిగిలింది నలుగురు. రాత్రి భోజనాల వేళ అమ్మ అయిదు కంచాలు పెడుతుంది. ఎవరూ ఏమీ అనరు. నాన్న అయిదో కంచంలో కూడా అన్నం వడ్డిస్తాడు. అక్కడిదాకా చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ తర్వాత పేరాలో వెన్నులో చలి పుట్టడం, గుండె ఝల్లుమనడం, ఆపైన దెయ్యం వచ్చి కూర్చోవడం. భయం కాస్తా పోయింది. జవాబులో నేను రాసింది ఇంతే: 'నాన్న వడ్డించిన చోట మా ఊపిరి ఆగింది. దెయ్యాన్ని చూపించాక మామూలు కథ అయిపోయింది. అక్కడినుంచి ఆ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారో మళ్ళీ ఆలోచించి చూడండి.' పనిచేసిన చోటు చెప్పాను, తప్పిన చోటు చెప్పాను. కథ ఎలా మార్చాలో చెప్పలేదు, అది ఆ రచయిత పని. నీ టీముకి నేర్పాల్సింది ఇదే పద్ధతి.

టీము అన్నాను కనక చెబుతున్నా. మొదటి వడపోత చేసేవాళ్ళని ముగ్గురినో నలుగురినో పెట్టుకో, ఒక కథని కనీసం ఇద్దరు చదవాలి. ఒకరు కోస్తా, ఒకరు తెలంగాణ, ఒకరు సీమ అయితే మరీ మంచిది, ఎందుకంటే యాస తెలియక మంచి కథ పక్కనపడే ప్రమాదం నిజంగా ఉంది. రాత్రిపూట వరసగా హత్యలూ పసిపిల్లల చావులూ చదవడం మనసుకి బరువు. కడుపుతో ఉన్న అమ్మాయికో, ఇంట్లో ఈమధ్యే ఎవరో పోయినవాళ్ళకో అలాంటి కథలు ఇవ్వకు. అడిగి తెలుసుకో. జీతం లేకుండా చదివేవాళ్ళని కాపాడుకోవడం ఎడిటర్ బాధ్యత. తెలుగులో ఇది కాని పనేం కాదు, 1998లో మొదలైన ఈమాట అనే ఆన్‌లైన్ పత్రికని అమెరికాలోని తెలుగువాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూనే ఏళ్ళ తరబడి నడిపారు. ప్రచురణకి ముందే రచనని ఇతరులు చదివి అభిప్రాయం చెప్పే పద్ధతి కూడా పెట్టుకున్నారు.

డబ్బు సంగతి. ఎంత తక్కువైనా సరే, మొదటి సంచిక నుంచే కథకి పారితోషికం ఇవ్వు. ఇక్కడ హారర్ రైటర్స్ అసోసియేషన్ వాళ్ళు మాటకి 5 సెంట్లు ఇస్తే ప్రొఫెషనల్ రేటుగా లెక్కపెడతారు. సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం తన లెక్కని 2019లో 6 నుంచి 8 సెంట్లకి పెంచింది. మనకి అంత ఇచ్చుకునే స్తోమత లేదు, కథకి ఇంత అని రూపాయల్లో ఒక మొత్తం చెప్పు, పడిన వారంలోగా పంపించు. ఆదాయానికి నైట్‌మేర్ పద్ధతి చూడు. జాన్ జోసెఫ్ ఆడమ్స్ 2012 అక్టోబరులో మొదలుపెట్టిన పత్రిక అది. నెల మొదట్లోనే సంచిక మొత్తం ఈ-బుక్‌గా అమ్మేవారు, అవే కథల్ని నెలంతా ఒక్కొక్కటిగా ఉచితంగా పెట్టేవారు. ఆత్రం ఉన్నవాళ్ళు కొనుక్కుంటారు, లేనివాళ్ళు ఆగి చదువుకుంటారు. రెండోది, ఒక్క దుకాణాన్నే నమ్ముకోకు. 2023లో అమెజాన్ కిండిల్ పత్రికల చందాలు ఆపేసినప్పుడు ఇక్కడి కథల పత్రికలకి ఆదాయంలో పెద్ద గండి పడింది. చందాదారుల ఈమెయిళ్ళు నీ చేతిలో ఉండాలి.

హక్కుల దగ్గర కూడా మాట స్పష్టంగా ఉండాలి. మొదటిసారి ప్రచురించే హక్కు, కొన్ని నెలలపాటు ఇంకెక్కడా రాకుండా ఉండే హక్కు, అంతే అడుగు. తర్వాత కథ రచయితదే. ఆడియో హక్కు విడిగా అడుగు, దానికి విడిగా డబ్బివ్వు. దెయ్యం కథల్ని జనం ఇప్పుడు చదివేకంటే వినేది ఎక్కువ. ఇక్కడ సూడోపాడ్ అనే పాడ్‌కాస్ట్ వాళ్ళు 2006 నుంచీ హారర్ కథలు చదివి వినిపిస్తున్నారు, రచయితకి డబ్బిచ్చి మరీ. మన దగ్గరేమో ఎవరి కథో ఎవరో యూట్యూబ్‌లో చదివేస్తారు, వాట్సాప్‌లో పేరు తీసేసి తిప్పేస్తారు. నీ పత్రికలో పడిన కథకి అలా జరిగితే ఆ రచయిత తరఫున నువ్వే రాయాలి, నువ్వే అడగాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. నీ దగ్గరికి బాణామతి కథలు కుప్పలుతెప్పలుగా వస్తాయి. ఊరి చివర ఒంటరి ముసలమ్మ, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, చివరికి ఆవిడే చేసిందని తేలడం. తెలంగాణ పల్లెల్లో ఇదే అనుమానంతో మనుషుల్ని చెట్టుకి కట్టి కొట్టారు, పళ్ళు ఊడగొట్టారు, చంపారు. వాళ్ళలో ఎక్కువమంది పేదవాళ్ళు, దళితులు, దిక్కులేని ఆడవాళ్ళు. చేతబడి కథలే వద్దని నేను అనను, అది మన జనం భయమే, దాన్ని రాయాల్సిందే. కానీ ఆ కథ చదివినవాడికి ఎవరిమీద భయం పుడుతోందో చూసుకో. రాయి పట్టుకున్న గుంపుమీదా, గుమ్మంలో కూర్చున్న ఆ ముసలమ్మమీదా? రెండోదైతే ఎంత బాగా రాసినా నేనైతే వెయ్యను. ఎందుకు వెయ్యలేదో ఆ రచయితకి దాచకుండా చెబుతాను. ఆ మాట కథలు తీసుకునే నియమాల్లోనే రాసి పెట్టు.

భయం ఎవరి వైపునుంచి చెబుతున్నామన్న ప్రశ్న ఇక్కడివాళ్ళకీ వచ్చింది. నైట్‌మేర్ 2014 అక్టోబరు సంచిక పూర్తిగా ఆడవాళ్ళు రాసినది, ఎలెన్ డాట్లో సంపాదకత్వంలో వచ్చింది. 2016 అక్టోబరు సంచికని తెల్లవాళ్ళు కాని రచయితలకి ఇచ్చారు. నువ్వు ప్రత్యేక సంచికల దాకా ఆగక్కర్లేదు. కథలకి పిలుపు ఎక్కడెక్కడ పంపుతున్నావో చూసుకో. సాహిత్య గ్రూపులకే పంపితే ఎప్పుడూ రాసేవాళ్ళే రాస్తారు. డిగ్రీ కాలేజీ తెలుగు మేడమ్‌లకి పంపు, నర్సింగ్ హాస్టళ్ళకి పంపు. నైట్ డ్యూటీ చేసిన అమ్మాయిలకి తెలిసిన భయాలు మనకేం తెలుసు?

మెషీన్ రాసిన కథలూ వస్తాయి. 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి అలాంటివి వందల్లో వచ్చిపడి, కొన్నాళ్ళు కథలు తీసుకోవడమే ఆపేశారు. ఆ టెన్షన్‌లో తెలిసినవాళ్ళ దగ్గరే కథలు తీసుకుందామని నీకూ అనిపిస్తుంది. అలా చెయ్యకు, కొత్తవాళ్ళకి తలుపు మూసుకుపోతుంది. అనుమానం వస్తే ఫోన్ చేసి కథ గురించి మాట్లాడు. రాసినవాళ్ళయితే పది నిమిషాలు ఆపకుండా చెబుతారు.

ముందు ఆ నియమాలు ఒక పేజీలో రాసి నాకు పంపు. జవాబు గడువు, పారితోషికం, హక్కులు, ఆడియో, బాణామతి మాట, అయిదూ ఉండాలి. రాత్రి మీకు తొమ్మిదైతే నాకు పొద్దున, కాఫీ తాగుతూ చదివి దిద్ది పంపిస్తాను. మొదటి నెల వచ్చే కథలు కొన్ని నాకూ పంపు, జవాబులు నేనూ రాస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ