వేషం విప్పేదాకా ఆట అయిపోనట్టే

పోయిన నెల ఈ శీర్షికలో నార్డిక్ లార్ప్ (లైవ్ యాక్షన్ రోల్‌ప్లే) గురించి నాలుగు మాటలు రాశాను. స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లో కొంతమంది కలిసి ఒక పూటో మూడు రోజులో ఒక కథలోకి దిగుతారు. ప్రేక్షకులు ఉండరు, చేతిలో డైలాగ్ కాగితం ఉండదు, తమ తమ పాత్రగా బతికి బయటికొస్తారు. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, అందులోనూ నల్లగొండ, పాలమూరు వైపు నుంచే ఎక్కువ. నేను ఆ దేశాలకు వెళ్లలేదు. అక్కడివాళ్లు రాసింది ఏళ్లుగా చదువుతున్నాను, ఆడొచ్చిన దోస్తులతో కూర్చొని మాట్లాడాను, ఇక్కడ మూడుసార్లు మేమే చేసి చూశాం. ఈ జవాబులన్నీ అందులోంచి వచ్చినవే.

ప్రశ్న: అన్నా, ఇది నాటకమా, కాస్‌ప్లేనా, వీడియో గేమ్ లాంటిదా? మా హాస్టల్లో ఎవరికీ సమజ్ కాలేదు. మనకు బాగోతాలు ఉండగా ఇందులో కొత్తేముంది? – ఇంజనీరింగ్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, బాగోతం అంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు మా ఊళ్లో చిందు బాగోతం ఆడితే గోనెసంచి పరుచుకొని తెల్లారేదాకా కూర్చునేవాణ్ణి. ముఖానికి అర్దళం పూసుకొని, భుజకీర్తులు కట్టుకొని రాజులా గర్జించిన మనిషే పొద్దున హోటల్ ముందు చాయ్ తాగుతుంటే నాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. కానీ అక్కడ ఆడేవాళ్లు వేరు, చూసేవాళ్లు వేరు. లార్ప్‌లో చూసేవాళ్లే ఉండరు. దీనికి దగ్గరి చుట్టం కావాలంటే బాగోతం కంటే పిల్లల గురుగుల ఆట చూడు. ఒకరు అమ్మ, ఒకరు అత్త, ఒకరు చుట్టపుచూపుగా వచ్చిన మామ, ఇసుకే అన్నం. ఎవరూ డైలాగులు రాసివ్వరు, ఎవరూ చప్పట్లు కొట్టరు, అయినా ఎవరేం మాట్లాడాలో అందరికీ తెలుసు. అదే ఆటను పెద్దవాళ్లు పెద్ద విషయాల మీద, చాలా జాగ్రత్తలు పెట్టుకొని ఆడితే లార్ప్.

1980లలో అక్కడ కూడా ఇది అడవుల్లో కత్తులు, రాజులు, మాంత్రికుల ఆటగానే మొదలైంది. తర్వాత మలుపు తిరిగింది. 1997లో ఓస్లోలో క్నూటెపుంక్ట్ అని ఒక సదస్సు పెట్టారు, ఆ మాటకు దారులు కలిసే కూడలి అని అర్థం. అప్పటి నుంచి ఆ నాలుగు దేశాలూ వంతులవారీగా జరుపుతున్నాయి, ఫిన్లాండ్ వంతు వచ్చినప్పుడు పేరు సోల్ముకోహ్తా అవుతుంది. 1999లో ఐరిక్ ఫాట్లాండ్, లార్స్ వింగార్డ్ అనే ఇద్దరు నార్వేవాళ్లు డాగ్మా 99 అని ఒక ప్రకటన రాశారు. ఒకే ప్రధాన కథ ఉండకూడదు, ఎవరి పాత్రా ఇంకొకరికి తోడు పాత్రగా మాత్రమే మిగలకూడదు, ఆడేవాళ్ల దగ్గర ఏదీ దాచకూడదు, ఇలా ఉంటాయి అందులో షరతులు. వాటి మీద పెద్ద లొల్లే నడిచింది. నాకు నచ్చింది ఆ లొల్లే. వాళ్లు ఆట అయ్యాక ఇంటికి పోయి పడుకోలేదు, ఏది కుదిరింది, ఏది చెడింది, ఎవరి మనసు నొచ్చింది అని రాసిపెట్టుకున్నారు, 2001 నుంచి సదస్సు కోసం పుస్తకాలు కూడా వేస్తూ వచ్చారు. మన బాగోతం కళాకారుల దగ్గర ఎంత విద్య ఉందో, అందులో ఎంత కాగితం ఎక్కకుండానే వాళ్లతోపాటు మట్టిలో కలిసిపోయిందో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ప్రశ్న: సార్, మా అబ్బాయి కోపెన్‌హేగన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వచ్చే నెల ఒక పాత బిల్డింగ్‌లో రెండు రోజులు ఖైదీగా ఆడతాడట, ఫోన్ కూడా వాళ్లకు ఇచ్చేయాలట. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పనే లేదు. – ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీ భయంలో తప్పేం లేదు. కొడుకు అంత దూరాన ఉండి ఖైదీనవుతానంటే ఏ తల్లికైనా గుండె దడదడలాడుతుంది. అలాంటి ఆటలు అక్కడ ఉన్నమాట నిజమే, 2011లో డెన్మార్క్‌లో కాపో అని ఆడింది పూర్తిగా ఖైదీల శిబిరం కథే. కానీ మంచి నిర్వాహకులైతే మనుషులను నేరుగా ఆటలోకి తోసెయ్యరు. ముందు వర్క్‌షాప్ ఉంటుంది, ఎంతవరకు నిజం, ఎంతవరకు నటన, ఎవరిని ఎక్కడ ముట్టుకోవచ్చు, ఏ మాట అనకూడదు అన్నీ కూర్చొని తేల్చుకుంటారు. నార్వే భాషలో కుట్, బ్రెమ్స్ అని రెండు మాటలు పెట్టుకున్నారు. కుట్ అంటే ఆపెయ్, ఎవరన్నా సరే ఆట అక్కడికక్కడే ఆగాలి. బ్రెమ్స్ అంటే బ్రేకు, ఆట నడవనీ గానీ నా మీద ఇంతకంటే జోరు పెంచకు అని. గొంతెత్తి ఆపమనడానికి చాలామంది మొహమాటపడుతున్నారని గమనించి ఇంకో పద్ధతి కూడా తెచ్చారు, దాని పేరు లుక్‌డౌన్. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు కళ్లకు చెయ్యి పెట్టుకొని నడిచి వెళ్లిపోవచ్చు. ఎందుకు పోతున్నావని ఎవరూ అడగరు. ఎదుటివాళ్లు బాగానే ఉన్నారా అని అనుమానం వస్తే వేళ్లతో ఓకే గుర్తు చూపిస్తారు, బొటనవేలు పైకెత్తితే సరే, అలా ఎత్తకపోతే పక్కకు తీసుకెళ్లి చూసుకుంటారు.

ఇదంతా ఆట నడిచేటప్పటి సంగతి. నాకు అసలు భయం ఆట తర్వాత. పాత్ర పడ్డ బాధో కోపమో మనిషికి అంటుకొని రావడాన్ని వాళ్లు బ్లీడ్ అంటారు, తడి బట్ట రంగు పక్క బట్టకు దిగినట్టు. దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, నా తప్పు వల్ల ఒక పిల్లకు తగిలాక నేర్చుకున్నాను.

కొన్నేళ్ల కింద దేవరకొండలో, తెలిసినవాళ్ల పాత పెంకుటింట్లో ఇరవై మందిమి ఆడాం. కథ మనదే. కరువు ఏడాది, ఊళ్లోకి గుంపు మేస్త్రీ వస్తాడు, అడ్వాన్స్ ఇస్తానంటాడు, ఏ ఇంట్లో ఎవరు వలస పోవాలి, ముసలివాళ్ల దగ్గర ఎవరు ఉండాలి అన్నది ఆ నాలుగు గంటల్లో తేలాలి. నిజంగా ఉండాలని మేస్త్రీ వేషం వేసిన పిలగాడి చేతికి ఒక పాత నోటుబుక్కు, నీలి స్టాంప్ ప్యాడ్ ఇచ్చాను. డిగ్రీ చదివే ఒక అమ్మాయి పెద్దబిడ్డ పాత్రలో, తమ్ముడి చదువు ఆగొద్దని తనే వేలిముద్ర వేసింది. ఇల్లంతా నిశ్శబ్దం, బయట మేకలు అరుస్తున్నాయి, అంతే. ఆరు గంటలకు ఇంటాయన తాళం పట్టుకొని వచ్చాడు, చివరి బస్సుకు టైమ్ అవుతోంది, నేను "మస్తు చేసిండ్రు" అని అందరినీ ఎక్కించి పంపేశాను.

రెండు రోజులకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. బస్సులో దారిపొడుగునా బొటనవేలే చూసుకుంటూ కూర్చుందట, ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడిగినా ఆ నీలిమరక పోలేదట. తిండి ముందు కూర్చుంటే అదే కనబడి లేచిపోయేదట. రాత్రి వాళ్లమ్మ చూసి, మీ తాత కూడా ఇట్లనే వేలు వేసి బొంబాయి పోయిండు బిడ్డా అని మొదటిసారి చెప్పిందట. అటు మేస్త్రీ వేసిన పిలగాణ్ణి కాలేజీలో దోస్తులు మేస్త్రీ, మేస్త్రీ అని పిలవడం మొదలుపెట్టారు, వాడు నాలుగు రోజులు కాలేజీ మానేశాడు. ఇద్దరిదీ ఏ తప్పూ లేదు. ఆట తర్వాత గంటసేపు కూర్చోబెట్టాల్సింది నేను, కూర్చోబెట్టలేదు. వారం తర్వాత ఇరవై మందినీ మళ్లీ నల్లగొండలో ఒకచోట కూర్చోబెట్టాను. ఒక్కొక్కరూ తన పాత్ర పేరు చెప్పి, వాళ్ల నుంచి నాతో తెచ్చుకున్నది ఇది, అక్కడే వదిలేస్తున్నది ఇది అని చెప్పాలి. పిలగాడు "ఆ మేస్త్రీ నేను కాదు" అని గట్టిగా అన్నాడు, ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి నోటుబుక్కులోంచి తన వేలిముద్ర ఉన్న పేజీ చింపుకొని, మడిచి, బ్యాగులో పెట్టుకొని వెళ్లింది.

అందుకే అమ్మా, మీ అబ్బాయిని "ఎందుకురా ఈ పిచ్చి" అని అనకుండా రెండు సంగతులు అడగండి. ఆట అయ్యాక ఎంతసేపు కూర్చొని మాట్లాడుకుంటారు, మనసు బాగోలేనివాళ్లను చూసుకోవడానికి ప్రత్యేకంగా మనుషులు ఉన్నారా. జవాబు సరిగ్గా చెప్పగలిగితే ధైర్యంగా ఉండండి. నీళ్లు నమిలితే ఈ ఆట వద్దని చెప్పడానికి మీకు హక్కుంది. వెళ్లొచ్చాక రెండు మూడు రోజులు ఫోన్‌లో కాస్త ఎక్కువసేపు మాట్లాడండి, గుచ్చి గుచ్చి అడగకుండా తనే చెప్పేదాకా ఆగండి. వాళ్ల నాన్నకు ఈ వారమే చెప్పేయండి, తర్వాత తెలిస్తే కోపమంతా ఆట మీదికి కాదు, మీ మీదికి వస్తుంది.

ప్రశ్న: ఇందులో ఎవరు గెలుస్తారు? ప్రైజ్ ఉంటుందా? ఖర్చెవరు పెట్టుకుంటారు? – వనపర్తి నుంచి

జవాబు: ఎవరూ గెలవరు. పైగా ఓడిపోవడానికే ఆడు అని ఒక పద్ధతి ఉంది, నీ పాత్ర దాచుకున్న రహస్యం బయటపడేలా, పెట్టుకున్న ఆశ చెదిరేలా నువ్వే దారి చేస్తే కథ అందరికీ పండుతుంది. ఖర్చుకు ఆడేవాళ్లే తలా కొంత వేసుకుంటారు, నిర్వాహకుల్లో ఎక్కువమంది జీతం లేకుండా చేసేవాళ్లే. స్వీడన్‌లో 1988 నుంచి స్వెరోక్ అనే సమాఖ్య ఉంది, అలాంటి యువజన సంఘాలకు అక్కడి ప్రభుత్వం సాయం చేస్తుంది. పోలండ్‌లో చోహా కోటలో 2014లో మొదలైన మాంత్రికుల కాలేజీ ఆట వీడియోలు చూసి ఇదంతా కోటీశ్వరుల వ్యవహారం అనుకోవద్దు. ఖాళీ గదిలో నాలుగు కుర్చీలతో ఆడేవి కూడా బోలెడున్నాయి, నన్ను ఎక్కువ కదిలించింది వాటి గురించి చదివినప్పుడే.

ప్రశ్న: మా దగ్గర కొందరు పట్నం పిల్లలు వెట్టిచాకిరి మీద ఇలాంటి ఆట ఆడదామంటున్నారు. మా తాత దొర గడిలో వెట్టి చేసినవాడు. మా వాళ్ల బాధ వీళ్లకు ఒక పూట ఆటవిడుపా? – ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: అన్నా, ఈ ప్రశ్న నార్డిక్ దేశాల్లో కూడా తెగలేదు. ఇంకొకరి కష్టాన్ని ఆడొచ్చా అని వాళ్లు ఏళ్లుగా వాదించుకుంటున్నారు. వాళ్లు చేసినవాటిలో నాకు సరైనవిగా అనిపించినవి రెండు. 2001లో నార్వేలో యూరోపా అని ఒకటి ఆడారు. శరణార్థుల మీద ఆట, కానీ ఆడేవాళ్లు 1990లలో యుద్ధాలు నడిచిన బాల్కన్ ప్రాంతపు మనుషుల వేషం వెయ్యలేదు. యుద్ధం నార్డిక్ దేశాల్లోనే వచ్చినట్టు, తామే పారిపోయి ఊహాదేశంలో శరణార్థి కేంద్రంలో పడ్డట్టు కథను తిప్పేశారు. ఎదుటివాడి బాధను అనుకరించకుండా, ఆ స్థితిలో తమను పెట్టుకున్నారు. 2013లో ఫిన్లాండ్‌లో హలత్ హిసార్ ఆడినప్పుడు ఇంకో అడుగు ముందుకేశారు. ఆక్రమణలో ఉన్నది పాలస్తీనా కాదు, ఫిన్లాండ్ అన్నట్టు రాశారు, ఆ రాయడంలో పాలస్తీనావాళ్లే పక్కన కూర్చున్నారు. ఎయిడ్స్ తొలినాళ్ల మీద 2011లో నార్వేలో మొదలైన జస్ట్ ఎ లిటిల్ లవిన్ అనేది కూడా చాలామందిని మార్చిందని చదివాను. 1982 నుంచి 1984 వరకు మూడేళ్లు, ప్రతి ఏడూ అదే జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం పార్టీ, ఒక్కో ఏడు గడిచేకొద్దీ దోస్తుల్లో ఎవరు బతుకుతారో ఎవరు పోతారో చీటీలు తేలుస్తాయి.

ఇక మన సంగతి. వెట్టి మన నల్లగొండలో పుస్తకంలో పాఠం కాదు, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం జ్ఞాపకాలు ఇంకా ఇళ్లల్లోనే ఉన్నాయి. ఎవరి ఇంట్లో వెట్టి చేసిన తాత ఉన్నాడో వాళ్లు రాసేచోట లేకపోతే ఆ ఆట ఆడొద్దు. పిలిచి ఒక పూట కూర్చోబెట్టి సలహా అడగడం కాదు, ఏది ఉండాలో ఏది ఉండకూడదో తేల్చే మాట వాళ్లదే కావాలి. కులం పేరు పెట్టి తిట్టడం, చెప్పులు నెత్తిన పెట్టించడం లాంటివి నటన పేరుతో కూడా వద్దు. నిజ జీవితంలో ఆ మాట పడ్డవాడు అదే గదిలో ఉండొచ్చు, అతనికి కుట్ అని అరిచే ధైర్యం రాకపోవచ్చు. మీరు వద్దంటే వద్దనే చెప్పండి, కారణాలు చెప్పాల్సిన అవసరం కూడా మీకు లేదు. మీరే రాయాలనుకుంటే మాత్రం నాకు ఉత్తరం రాయండి, మీ ఊరు వచ్చి కూర్చుంటాను.

ప్రశ్న: నేను హైస్కూల్‌లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలతో ఇది చేయించొచ్చా? మా వాళ్లు సిలబస్ అయిపోవాలంటారు. – ఉపాధ్యాయిని, కల్వకుర్తి

జవాబు: చేయించొచ్చు టీచర్‌గారూ. డెన్మార్క్‌లో హోబ్రో అనే ఊళ్లో ఓస్టర్‌స్కోవ్ అని ఒక హాస్టల్ స్కూల్ ఉంది, 2006 నుంచి అక్కడ పాఠాలన్నీ రోల్‌ప్లేతోనే. లెక్కలు, భాషలు, చరిత్ర అన్నీ ఒక కథలోకి ఇమిడిపోయి పిల్లలకు అవసరపడి వస్తాయి. మీరు అంత చెయ్యాల్సిన పని లేదు. గ్రామసభతో మొదలుపెట్టండి. ఊళ్లో పనిచేస్తున్నది ఒకటే బోరు, ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది, నీళ్లు ముందు ఎవరికి. సర్పంచు, బత్తాయి తోట రైతు, పాడిపశువులున్న ఇల్లు, కొత్తగా వచ్చిన కోడలు, స్కూల్ వంటామె, ఇలా పన్నెండు పాత్రలు చాలు. ఒక్కో పాత్రకు మూడు లైన్ల చీటీ, ఏం కావాలి, ఎవరంటే భయం, ఎవరికి బాకీ. తక్కిన పిల్లలను చూస్తూ కూర్చోబెట్టొద్దు, ఎవరైనా చూస్తుంటే మిగతావాళ్లు వాళ్ల కోసం నటించడం మొదలుపెడతారు, క్లాసును మూడు సభలుగా విడగొట్టండి. ఎప్పుడూ తిట్లు తినే పిల్లవాడికి బీదవాడి పాత్ర ఇవ్వొద్దు, సర్పంచును చెయ్యండి. కుట్ అనే మాట కష్టమైతే మన పిల్లలకు "తూచ్" ఉంది కదా, అది అనగానే ఆట ఆగాలని ముందురోజే నేర్పండి.

రెండు పీరియడ్లు అడగండి. ఒకటి ఆటకు, రెండోది పూర్తిగా మాట్లాడుకోవడానికి. గంట కొట్టాక బస్సులకు పరుగెత్తే పిల్లలుంటారు కాబట్టి చివరి పీరియడ్‌లో పెట్టుకోవద్దు, మధ్యాహ్నం భోజనానికి ముందు ముగిసేలా చూడండి.