టెక్ సందేహాలు: డ్రిల్లుకు ఏడాది వారంటీ సరే, బ్యాటరీకి ఎంత?

ప్రశ్న: హనుమకొండలో ఏసీలు బిగించే పని చేస్తాను. రెండు బ్యాటరీలు వచ్చే 18 వోల్టుల కార్డ్‌లెస్ హ్యామర్ డ్రిల్లు కొందామని బాష్, మకిటా, డీవాల్ట్ మూడూ చూశాను. బ్యాటరీ వారంటీ, సర్వీసు ఎవరివి మేలు? మకిటా బ్యాటరీకి మూడేళ్ల వారంటీ అని ఒక వీడియోలో చెప్పారు. ఇక్కడి దుకాణంలో అంత లేదంటున్నారు.

జవాబు: మీరు చూసినది అమెరికా వీడియో అయి ఉంటుంది. అక్కడ మకిటా తన 18 వోల్టుల లిథియం బ్యాటరీలకు మూడేళ్ల వారంటీ ఇస్తున్న మాట నిజమే. కానీ హనుమకొండలో కొన్న డ్రిల్లుకు చెల్లేది ఆ పెట్టెలో వచ్చిన కార్డు మీది మాట ఒక్కటే. కాబట్టి దుకాణంలో పెట్టె విప్పించి, డబ్బులు కట్టకముందే ఆ కార్డు చదవండి. చాలా కార్డుల్లో డ్రిల్లుకు ఒక గడువు, బ్యాటరీకి, ఛార్జరుకు వేరే గడువు ఉంటాయి. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటేనే పూర్తి గడువు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఇంకో సంగతి, బాష్‌లో పచ్చరంగువి ఇంటి వాడకానికి, నీలంరంగువి వృత్తి పనివారికి. ఇంటి రకం కొని రోజూ గోడలు తొలిస్తే వారంటీ అడిగే రోజున ఆ రంగే అడ్డువస్తుంది.

మూడు కంపెనీల కార్డులూ పక్కపక్కన పెట్టినప్పుడు మీ కన్ను నెలల అంకె మీద కాకుండా ‘సహజ అరుగుదలకు వర్తించదు’ అన్న వాక్యం మీద ఆగాలి. లిథియం సెల్లు సాధారణంగా 300 నుంచి 500 పూర్తి ఛార్జింగులు అయ్యేసరికి సామర్థ్యంలో ఐదో వంతు కోల్పోతుంది. మీరు రోజుకు రెండుసార్లు, నెలకు పాతిక రోజులు నింపారనుకోండి, ఏడాదికి 600 అవుతాయి. రెండు బ్యాటరీల మీద పంచితే ఒక్కోదానికి 300. అంటే ఏడాది వారంటీ ముగిసే వేళకు మీ బ్యాటరీ ఎలాగూ నీరసపడుతుంది, దాన్ని అరుగుదల అనే అంటారు. వారంటీ మీకు అక్కరకొచ్చేది తయారీ లోపం ఉన్నప్పుడే. అది తరచుగా మొదటి వారాల్లోనే బయటపడుతుంది. కొన్న వారంలోగా రెండింటినీ పూర్తిగా నింపి, ఒకే సైజు బిట్టుతో, ఒకే గోడలో ఒక్కోదానితో ఎన్ని రంధ్రాలు పడ్డాయో లెక్కపెట్టండి. ఒకటి ఇరవై, రెండోది పన్నెండు దగ్గర ఆగిపోతే మర్నాడే దుకాణానికి వెళ్లండి. ఆ వారంలో దుకాణదారు మార్చి ఇవ్వడం తేలిక, ఆరో నెలలో కష్టం.

ఇక సర్వీసు. కౌంటరు వరంగల్‌లో ఉందా అని అడిగితే సరిపోదు. బ్యాటరీని పరీక్షించి ‘ఇది లోపం’ అని సంతకం పెట్టే మనిషి ఎక్కడ ఉంటాడని అడగండి. ఇక్కడి కౌంటరు సరుకు తీసుకుని దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పంపేది మాత్రమే అయితే మీ పని రెండు, మూడు వారాలు ఆగుతుంది. ఇది నేను అనుభవించాను. కొన్న నాలుగో నెలలో నా బ్యాటరీని ఛార్జరులో పెట్టగానే ఎర్రదీపం మిణుకుమిణుకుమనడం మొదలైంది. కౌంటరులో ఇచ్చాను. పంతొమ్మిది రోజుల తరువాత ‘డీప్ డిశ్చార్జ్, వారంటీ లేదు’ అన్న చీటీతో తిరిగి వచ్చింది. వాడకుండా ఖాళీగా పడేశానని వారి మాట. ఇచ్చిన రోజు అందులో ఎన్ని వోల్టులున్నాయో జాబ్ షీటు (సరుకు తీసుకున్నప్పుడు రాసిచ్చే రసీదు) మీద రాయించి ఉంటే నా చేతిలో ఒక ఆధారం ఉండేది. అక్కడ అల్మరాలో పడి ఉన్న రోజుల్లో ఎంత దిగిందో ఎవరు చెప్పగలరు?

మీ సంచిలో క్లాంప్ మీటరు ఉంటుంది కదా, దానితో కౌంటరు ముందే కొలవండి. చాలా బ్యాటరీల్లో ప్లస్, మైనస్ గుర్తులున్న రేకులు గాడుల్లో కనిపిస్తాయి. మీటరు తీగల కొనలు ఒకదానికొకటి తగలనివ్వకండి. 18 వోల్టుల బ్యాటరీలో 3.6 వోల్టుల సెల్లులు ఐదు వరుసగా ఉంటాయి. నిండినప్పుడు ఒక్కొక్కటి 4.2, మొత్తం 21. పన్నెండు కంటే తక్కువ చూపితే బ్యాటరీ మరీ ఖాళీ అయిందని అర్థం, కంపెనీ వాదన నిలుస్తుంది. 16, 17 దగ్గర ఉన్నా ఛార్జరు ఒప్పుకోవడం లేదంటే ఐదింటిలో ఒకటి మిగతా నాలుగింటి కంటే వెనకబడిందని అనుమానించాలి. అక్కడ మీ వాదనకు బలం ఉంటుంది. ఆ అంకె, బ్యాటరీ మీది సీరియల్ నంబరు, తేదీ జాబ్ షీటు మీద రాయించి ఫోటో తీసుకోండి. అడుగున ఉన్న నక్షత్రం ఆకారపు మరలను మాత్రం ముట్టుకోవద్దు. మర మీద చిన్న గీత కనిపించినా ‘విప్పారు’ అని పక్కన పెట్టేస్తారు.

మే నెలలో మన డాబాల మీద పనిచేసే వారికి ఒక్క మాట. ఎండలో నిలిపిన బండి డిక్కీలో బ్యాటరీ ఉంచకండి. కాలుతున్న బ్యాటరీని ఛార్జరుకు ఎక్కించకండి, నీడలో అరగంట చల్లారనివ్వండి. సీజను అయ్యాక దాచేటప్పుడు సగం నింపి దాచండి.

ప్రశ్న: నర్సంపేటలో వడ్రంగి పని చేసుకుంటాను. ఆన్‌లైన్‌లో కొన్న బ్యాటరీ ఎనిమిదో నెలలో పోయింది. ‘వ్యాపారానికి వాడారు, మీరు వినియోగదారులే కారు’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ఆ మాటకు మీరు వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని పక్కన పెడుతుంది, కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్న వస్తువుకు అక్కడే మినహాయింపు ఇచ్చింది. మీ చేతితో మీరే బీరువాలు చేసుకుంటున్నారంటే మీరు వినియోగదారులే. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. తేలకపోతే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. అమ్మినవారు ఏ ఊరివారైనా మీరు ఉండే చోటే ఫిర్యాదు చేసే హక్కు ఈ చట్టంతో వచ్చింది. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. అయితే కార్డులో ‘ఇంటి వాడకానికే’ అని స్పష్టంగా ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే కేసు వేయడానికి అడ్డు లేకపోయినా వారంటీ మీద గెలవడం కష్టమవుతుంది.

కొరియర్‌లో పంపమంటే రోడ్డు మార్గం పార్సిల్ అని చెప్పి పంపండి. విడి లిథియం బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా 2016 నుంచి ఒప్పుకోవడం లేదు. దాచిపెట్టి పంపితే మధ్యలో ఆగిపోతుంది.

ప్రశ్న: మంచిర్యాలలో ‘48 వోల్టులు’ అని రాసిన డ్రిల్లు సగం ధరకు ఇస్తున్నారు. 20 వోల్టుల దానికంటే బలమైనదేనా? చచ్చిన బ్యాటరీకి మరో బ్యాటరీ తీగలు కలిపి ప్రాణం పోయవచ్చంటారు, చేయవచ్చా?

జవాబు: ఇలాంటివాటిలో చాలావరకు ఉండేవి అవే ఐదు సెల్లులు. మీటరు పెడితే 21 దాటదు. ‘20 వోల్ట్ మ్యాక్స్’ అన్నదీ 18 వోల్టులదే, నిండినప్పటికి దగ్గరి అంకె ముద్రించారు. బ్యాటరీ చీటీ మీద భద్రతకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 16046, ఆర్‌తో మొదలయ్యే ఎనిమిది అంకెల నమోదు సంఖ్య ఉన్నాయేమో చూడండి. అవి లేనిది కొనకండి, దానికి దుకాణదారు మాట తప్ప వేరే వారంటీ ఉండదు.

తీగలు కలిపే పని దయచేసి చేయకండి. బాగా ఖాళీ అయిన సెల్లు లోపల దెబ్బతిని ఉంటుంది, బలవంతంగా నింపితే వేడెక్కి అంటుకోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని చెత్తబండిలోనూ వేయవద్దు. వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. రేకుల మీద టేపు అంటించి సర్వీస్ సెంటరులో ఇచ్చేయండి.