నట్టు ఎర్రబడేదాకా ఆగకండి

ప్రశ్న: తుప్పుపట్టి బిగుసుకుపోయిన నట్లు విప్పడానికి చేతిలో పట్టుకునే ఇండక్షన్ హీటర్ (మంట లేకుండా, రాగి తీగ చుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటు పంపి ఇనుమును వేడిచేసే యంత్రం) కొన్నాను. రెండు నెలల్లో మూడు కాయిళ్లు కాలిపోయాయి. మార్కెట్లో నాసిరకం కాయిళ్లే వస్తున్నాయా? ఎలాంటివి కొంటే ఎక్కువ కాలం మన్నుతాయి?

ఒక కాయిల్ నాసిరకమంటే నమ్ముతాను. మూడూ నాసిరకమంటే నమ్మను. నట్టు నిప్పుకణికలా మెరిసేదాకా మీరు బటన్ మీంచి వేలు తీయడం లేదు. మీ పని కళ్లారా చూడకుండానే ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ యంత్రం చేతికొచ్చిన ప్రతివాళ్లూ మొదట చేసేది అదే. నేనూ అదే చేశాను, అదీ ఎలా వాడాలో నాకు చక్కగా చూపించిన తర్వాత.

చూపించింది మా మేస్త్రి. ఒక పాత వ్యాను సైలెన్సర్ గొట్టం ఫ్లాంజ్ (రెండు గొట్టాలను కలిపి బిగించే అంచు) దగ్గర మూడు నట్లు విప్పాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి వేడికీ తడికీ మగ్గి, నట్టేదో, అది ఎక్కిన మరల కడ్డీ (స్టడ్డు) ఏదో తెలియకుండా ఒకే గోధుమరంగు ముద్దలా ఉన్నాయి. బండి కింద వెల్లకిలా పడుకుని చేయాల్సిన పని. పానా తగిలించిన ప్రతిసారీ తుప్పు పెచ్చులు కళ్లద్దాల మీద రాలుతున్నాయి. మొదటి నట్టుకు రాత్రే నూనె పట్టించాను. పొద్దున పానాకు పొడవాటి ఇనుప గొట్టం తొడిగి లాగితే, ఒక్క క్షణం మెత్తగా వచ్చినట్టు అనిపించింది. నట్టు వదులుతోందని సంతోషించాను. నిజానికి నట్టు కదలనే లేదు, లోపల స్టడ్డు మెలితిరుగుతోంది. టప్పున తెగి నట్టుతో సహా నా గుండెల మీద పడింది. ఆ మిగిలిన మొండిని డ్రిల్లు చేసి తీయడానికి పూట గడిచిపోయింది.

రెండో నట్టుకు గ్యాస్ మంట పెట్టాను. అది విప్పగలిగాను కూడా. కానీ మంట మనం పెట్టినచోటే ఉండదు కదా. జానెడు దూరంలో బ్రేకు రబ్బరు గొట్టం ఉంది. కమురు వాసన వచ్చి తల తిప్పేసరికి దాని పైపొర పొంగి జిగటగా మెరుస్తోంది. ఆ గొట్టం మార్చకుండా బండిని బయటికి పంపే ప్రసక్తే లేదు. ఒక నట్టు విప్పడానికి పైన ఇంకో పని తెచ్చిపెట్టుకున్నాను.

అప్పుడు మేస్త్రి ఇండక్షన్ హీటర్ తీసుకొచ్చారు. ముందుగా గుడ్డతో నట్టు మీది నూనెనంతా తుడిచారు. తర్వాత కాయిల్‌ను నట్టు చుట్టూ పట్టారు. ఎక్కడా తగలనివ్వలేదు, చుట్టూ చిటికెన వేలి గోరు దూరేంత సందు వదిలారు. బటన్ నొక్కి ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టారు. ఎనిమిది దగ్గర సన్నగా పొగ లేచింది. పన్నెండు దగ్గర వదిలేశారు. నట్టు నల్లగా, ముందు ఎలా ఉందో అలాగే ఉంది. “ఇంకాసేపు పెట్టండి మేస్త్రీ, ఇంకా ఎర్రబడలేదు” అన్నాను. “ఎర్రబడిందా అని ఎందుకు చూస్తావు? కదిలిందా అని చూడు” అంటూ పానా నా చేతికిచ్చారు.

లాగితే కీచుమని పావు చుట్టు తిరిగింది. అదే ఊపున లాగేయబోతే ఆపారు. మళ్లీ బిగించమన్నారు, మళ్లీ వదల్చమన్నారు, అలా ముందుకీ వెనక్కీ. తర్వాత జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి మరలు నట్టులోకి వెళ్లే అంచున ఆనించారు. మైనం కరిగి ఆ సందులోకి పీల్చుకుపోవడం నా కంటికి కనిపించింది. ఇంకో నిమిషానికి నట్టు వేళ్లతో తిప్పితేనే వచ్చేసింది.

ఆ పన్నెండు సెకన్లలో జరిగింది ఏమిటో ఆలోచించండి. కాయిల్‌లోని కరెంటు నట్టులో సుడి ప్రవాహాలు (లోహంలోనే సుడులు తిరిగే కరెంటు) పుట్టిస్తుంది, దాంతో నట్టు తనలో తానే వేడెక్కుతుంది. ఉక్కు ఒక్క డిగ్రీ వేడికి తన కొలతలో పది లక్షల్లో పన్నెండు వంతులు సాగుతుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రం 300 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది సుమారు 0.04 మిల్లీమీటర్లు. వినడానికి ఎంతో తక్కువ, తుప్పు పట్టు పగలడానికి మాత్రం ధారాళంగా సరిపోతుంది. అయితే నట్టు వేడెక్కి లోపలి స్టడ్డు ఇంకా చల్లగా ఉన్నప్పుడే ఆ తేడా మనకు దక్కుతుంది. మీరు ఎర్రబడేదాకా పట్టుకుంటే వేడి స్టడ్డుకూ పాకుతుంది, అదీ ఉబ్బుతుంది, మీరు సంపాదించుకున్న సందు తిరిగి మూసుకుపోతుంది. పైగా 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంత గుణం కోల్పోతుంది, కాయిల్ పట్టు సడలుతుంది. ఇంకా ఎర్రబడాలని అక్కడ మీరు ఎంతసేపు నొక్కి ఉంచితే అంతసేపు కాలేది కాయిలే.

ఇంత చూసినవాణ్ని, సొంతంగా యంత్రం కొనుక్కున్నాక వారం తిరగకుండా అంతా గాలికొదిలేశాను. చీకటి గదిలో నట్టు ఎర్రగా వెలుగుతుంటే తీసిన వీడియోలు నా మీద కూడా పనిచేశాయి. ఆ వీడియోల మీద నాకు నిజంగా కోపం. నట్టు వెలగడం చూపిస్తారు కానీ ఆ తర్వాత కాయిల్ లోపలి వైపు ఎలా ఉందో ఒక్కరూ చూపించరు. నేనైతే సందు వదలకుండా కాయిల్‌ను నట్టుకు అదిమి పట్టేవాణ్ని, దగ్గరగా ఉంటే త్వరగా పని అవుతుందని. రాగి తీగ మీది గాజునార తొడుగు మొదట గోధుమరంగుకు తిరిగింది, తర్వాత పెళుసుబారి దూదిలా పింజలు లేచింది. ఒకరోజు రెండు చుట్లు ఒకదానికొకటి తగిలి నీలం మెరుపు మెరిసింది, యంత్రం మూగబోయింది. విప్పి చూస్తే తొడుగు కాలింది సరిగ్గా నట్టుకు ఆనిన వైపునే. అటు వైపంతా కొత్తదానిలా తెల్లగా ఉంది.

నూనె సంగతి కూడా అప్పుడే అర్థమైంది. తుప్పు వదిలించే నూనె కొట్టి, తుడవకుండా కాయిల్ పెడితే ఆ తొడుగు దాన్ని వత్తిలా పీల్చుకుంటుంది. వేడికి ఆ నూనె మాడి బొగ్గవుతుంది, బొగ్గు కరెంటును పోనిస్తుంది. ఇన్సులేషన్ అనుకున్నదే తీగగా మారిపోతుంది. మేస్త్రి ముందు గుడ్డ ఎందుకు తీశారో నాకు తెలియడానికి ఒక కాయిల్ ఖర్చయింది. ఇక బ్రేకులు శుభ్రం చేసే స్ప్రేల జోలికి అసలు వెళ్లకండి. వాటిలో క్లోరిన్ ఉన్న రకాలు కాలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

కాయిల్ రెండు కొనల్నీ పట్టుకునే స్క్రూలను పట్టించుకునేవాళ్లు నాకు ఇంతవరకు కనబడలేదు. వేడెక్కి చల్లారిన కొద్దీ అవి వదులవుతాయి. వదులైన చోట నిరోధం పెరిగి, వేడి నట్టులో పుట్టేది పోయి యంత్రం మూతి దగ్గర పుడుతుంది. నేను ప్రతిసారీ పని మొదలుపెట్టే ముందు, యంత్రం చల్లగా ఉండగానే, ఒకసారి బిగిస్తాను. రాగి కొన నల్లబడి ఉంటే సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దుతాను. పెద్ద నట్టు వచ్చిందని చిన్న కాయిల్‌ను సాగదీయడం, మళ్లీ నొక్కడం కూడా మానేశాను. రాగి పదేపదే వంగితే గట్టిపడి చీలుతుంది. కొలతకు తగ్గ కాయిల్ వాడండి, వంచాలంటే వంచడానికని అమ్మే మెత్తటి తాడు రకం వేరే ఉంది. ఎంతసేపు నడిపి ఎంతసేపు ఆపాలో మీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, చాలావాటికి రెండు నిమిషాలు పని, రెండు నిమిషాలు విరామం. అంత ముఖ్యమైన మాటను చీమ తలకాయంత అక్షరాల్లో ఎందుకు అచ్చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. విరామంలో వేడి కాయిల్‌ను నీళ్లలో ముంచకండి, గాలికి చల్లారనివ్వండి.

మంట లేదు కాబట్టి ప్రమాదం లేదనే మాట మాత్రం నా ముందు ఎవరూ అనకండి. వేలికి ఉంగరం, చేతికి లోహపు గడియారం ఉంటే అవి కూడా నట్టులాగే వేడెక్కుతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ యంత్రం పట్టుకోకూడదు, నడుస్తున్నప్పుడు దగ్గరికీ రాకూడదు. గ్యాసు నింపిన షాక్ అబ్జార్బర్లు, ఎయిర్‌బ్యాగులు, పెట్రోలు గొట్టాల దగ్గర కాయిల్ వద్దు. జింకు పూత ఉన్న బోల్టును ఎర్రగా కాలిస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. తల మీద 8.8 అనో 10.9 అనో బలాన్ని తెలిపే అంకె ఉన్న బోల్టులను తయారీలో కనీసం 425 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచాక తగిన బలం వచ్చేలా మళ్లీ వేడిచేస్తారు. వాటిని ఎర్రబడేదాకా కాల్చాక ఆ అంకెకు విలువ లేదు. విప్పినవాటిని మళ్లీ బిగించకుండా కొత్తవి వేయండి. లోపల నైలాన్ రింగు ఉన్న నట్లయితే ఒకసారి వేడి తగిలితేనే పనికిరావు.

అల్యూమినియం, రాగి, ఇత్తడి ఈ చిన్న యంత్రాలకు దాదాపుగా లొంగవు. అల్యూమినియం ముక్కను గంటలకొద్దీ పట్టుకుని కాయిల్ కాల్చుకున్నవాళ్లున్నారు, మీరు వాళ్లలో ఒకరు కాదనుకుంటాను.

అసలు ఈ బాధంతా మొదట బిగించినవాళ్లు తెచ్చిపెట్టింది. సైలెన్సర్ స్టడ్డుకు వేడిని తట్టుకునే యాంటీ సీజ్ పేస్టు (మరలు బిగుసుకుపోకుండా కాపాడే పూత) బిగించేముందు రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం మిగుల్చుకున్నవాళ్ల వల్ల ఏళ్ల తర్వాత ఇంకొకరు బండి కింద పూటంతా పడుకోవాలి.

మీ పాత కాయిళ్లు మూడూ ఇంకా పారేయకపోతే వెలుతురులోకి తెచ్చి చూడండి. తొడుగు లోపలి వైపే కాలి ఉంటే మీరు నట్టుకు ఆనిస్తున్నారు. అన్ని వైపులా సమానంగా గోధుమరంగుకు తిరిగితే విరామం ఇవ్వడం లేదు. స్క్రూ దగ్గరి కొన నల్లగా మాడి ఉంటే బిగింపు వదులు, యంత్రం మూతి లోపల కూడా చూడండి, అక్కడా నల్లగా ఉంటే కొత్త కాయిల్ ఎంత మంచిదైనా నిలవదు. ముందు ఆ మూతిని బాగుచేయించి, నాలుగో కాయిల్ తర్వాత కొనండి.